ఇనుముకు మడి కట్టించిన బావ

పోయిన వారం నాందేడ్ స్టేషన్లో ధర్మాబాద్‌కు టికెట్ తీసుకుంటున్నాను. కిటికీ కింద చేతులు ఆనించుకునే రాతి పలక ఒకటి ఉంటుంది. డబ్బులు లోపలికి తోసి, చిల్లర కోసం నిలబడి, ఊరికే ఆ రాయి అంచు మీద బొటనవేలు రాస్తున్నాను. నడుమ పల్లంగా, నున్నగా ఉంది. "కుడి దిక్కు ఎక్కువ అరిగింది" అనుకున్నాను. అనుకోగానే వేలు ఆగిపోయింది. ఆ మాట నాది కాదు, మా బావది. అలా వేలు రాయడం కూడా ఆయన అలవాటే. వెనకాల ఉన్నాయన "గురూజీ, జరా సర్కో" అని పక్కకు జరగమనేదాకా చిల్లర సంగతి మరిచిపోయి అక్కడే నిలబడ్డాను.

మా బావ, అంటే మా అక్క మొగుడు, పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పేరు రాస్తే "నన్నెందుకు రా బజార్ల పెడ్తున్నవ్" అని తిట్టే మనిషి కాబట్టి పేరు రాయను. నేను మరాఠీ బడిలో చదివి, మరాఠీ బడిలోనే పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ని. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఈ నాలుగు ముక్కలూ ఆ తెలుగులోనే రాస్తాను. బావ మరాఠీలో బేరం చేసేవాడు, దక్కనీ ఉర్దూలో తిట్టేవాడు, కానీ మనసు బాగా లేనప్పుడు తెలుగే మాట్లాడేవాడు.

ఎవరింటికి వెళ్లినా ఆయన మొదట మనుషుల్ని చూసేవాడు కాదు. గుమ్మం ముందు విడిచిన చెప్పులు చూసేవాడు. ఒకదాన్ని వేలితో తిరగేసి, మడమ ఎటువైపు అరిగిందో చూసి, లోపలికి వెళ్లి ఇంటాయనతో "మోకాలు నొస్తుందా మీకు, ఎడమది?" అని అడిగేవాడు. వాళ్లు తెల్లబోయేవాళ్లు. అక్క సిగ్గుతో చచ్చేది. ఆ తర్వాత గడప మీద బొటనవేలు రాసేవాడు, తలుపు గొళ్లెం మీద రాసేవాడు, మంచినీళ్లు ఇస్తే చెంబు అడుగు తడిమేవాడు. లోకంలో ప్రతి వస్తువూ ఎక్కడో ఒకచోట అరుగుతూనే ఉంటుందనీ, ఎక్కడ అరుగుతోందో కనిపెడితే దాని కథంతా తెలిసిపోతుందనీ ఆయన నమ్మకం.

నాకు పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు అదే చేశాడు. బిలోలీ దగ్గర ఊరు. అందరూ పిల్లను చూస్తుంటే ఈయన నీళ్లు కావాలని వంటింట్లోకి దూరాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

"పిల్ల మంచిదే రా బామ్మర్ది. గానీ ఆ ఇంట్ల పప్పు గంటె ఒక్క దిక్కే అరిగింది. ఏండ్ల సంది తల్లి ఒక్క చెయ్యే తిప్పుతుంది. పిల్లకు వంట రాదు."

"మరి ఏం జేద్దాం బావా?"

"చేస్కో. నీకొచ్చు గద."

మా ఆవిడకు నిజంగానే వంట రాదు. ఈ మాట పెళ్లైన చాలా ఏళ్లకు చెబితే ఆమె బావతో రెండు నెలలు మాట్లాడలేదు. ఆయన మాత్రం మా ఇంటికి వచ్చినప్పుడల్లా గంటె అడిగి చూసి, "ఇప్పుడిప్పుడే అరుగుతుంది" అని మెచ్చుకునేవాడు.

ఇంతకీ ఆయన పని చెప్పలేదు. నాందేడ్‌లో రైలు పట్టాలకు అవతల ఒక రేకుల షెడ్డు. అరిగిపోయిన ఇనుప షాఫ్టులు, రోలర్లు ఆయన దగ్గరికి వచ్చేవి. పిస్తోలులాంటి పరికరం ఒకటి ఉండేది. దాని మూతిలోంచి గ్యాసు మంట. ఆ మంటలో లోహపు పొడి కరిగి, తుంపరలై, షాఫ్టు మీద పడి అతుక్కుపోతుంది. పొర మీద పొర పేరుకుని అరిగిన చోటు నిండుతుంది. ఆ పైన సాన పట్టి నున్నగా చేస్తే కొత్త షాఫ్టుకన్నా గట్టిగా నిలబడుతుంది. హైదరాబాద్‌లో ఒక కార్ఖానాలో ఈ పని నేర్చుకుని, డెబ్బైల మొదట్లో ఊరికి తిరిగొచ్చి షెడ్డు వేసుకున్నాడు. పత్తి జిన్నింగు మిల్లులవాళ్లు మొదట నవ్వారు. తర్వాత షాఫ్టులు పంపడం మొదలుపెట్టారు.

ఆయన పోయే గొప్పలు మామూలువి కావు. "గోదారి ఇసుక ఉన్నది జూడు, దాన్ని ఓడిచ్చేటోడు నాందేడ్ల నేనొక్కణ్నే" అని టీ కొట్టు దగ్గర చెప్పేవాడు. అందరూ ఆయన్ను ఆట పట్టించేది మాత్రం ఇంకో సంగతికి. అదే మడి.

పొర వేసే ముందు షాఫ్టును ఇసుకతో కొట్టి గరుకు చేస్తారు. గొట్టంలోంచి గాలి జోరుతో ఇసుక వచ్చి కొడితే ఇనుము మీది మురికి, తుప్పు, నునుపు అన్నీ పోయి బూడిదరంగు గరుకు తేలుతుంది. ఆ గరుకులోనే పొర పట్టుకుని ఉంటుంది. అలా గరుకు చేసిన తర్వాత దాన్ని ఒట్టి చేత్తో ముట్టకూడదు. మన చేతిలో చెమట ఉంటుంది, జిడ్డు ఉంటుంది. కంటికి కనపడదు. ముట్టిన చోట పొర పైకి బాగానే కనిపిస్తుంది, లోపల అతకదు. కొన్నాళ్లకు అక్కడే పెచ్చు లేస్తుంది. అందుకని షాఫ్టుకు ఇసుక కొట్టగానే బావ మారిపోయేవాడు. "దూరం! దూరం!" అని అరిచేవాడు. పెద్ద పెద్ద సేఠ్‌లను కూడా గుమ్మం అవతలే నిలబెట్టేవాడు. తను కూడా ఉతికిన గుడ్డ చేతికి చుట్టుకునే ముట్టేవాడు. ఆ గుడ్డలు మా అక్క పాత తెల్ల నూలు చీరలు. సోడా వేసి ఉడకబెట్టి, ఎండబెట్టి, మడతపెట్టి ఇచ్చేది. "మా పద్మశాలోళ్లల్ల మడి లేకపాయె, నువ్వు ఇనుముకు పెట్టినవ్" అని మా మేనమామ ఎగతాళి చేసేవాడు.

"నవ్వుండ్రి" అనేవాడు బావ. "బాపనాయనే ముట్టనీ, నేనే ముట్టనీ, సేఠే ముట్టనీ. ఇనుముకు అందరం ఒక్కటే."

పని పూర్తయి, సాన పట్టి, మెరుస్తున్న షాఫ్టు మీద మొదటి చెయ్యి మాత్రం ఎప్పుడూ మా అక్కదే. చిన్నదైతే సైకిలు మీద ఇంటికి తెచ్చేవాడు. పెద్దదైతే అక్కనే షెడ్డుకు పిలిపించేవాడు. "ముట్టు" అనేవాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, దాని మీద బొటనవేలు నిలువునా రాసి "మంచిగుంది" అనేది. అప్పుడు గానీ సరుకు మిల్లుకు పోయేది కాదు. పెళ్లానికి భయపడే మొగుడి సరదా అని నేను కొన్నాళ్లు నవ్వుకున్నాను. అది ఎందుకో తెలిశాక నవ్వలేదు.

మా అక్కకు ఇద్దరు పిల్లలు పుట్టి ఇద్దరూ పురిట్లోనే పోయారు. బావ వాళ్లమ్మ చెడ్డ మనిషి కాదు, కానీ నోరు ఆగదు. "దాని చెయ్యి మంచిది గాదు" అంది ఒకసారి. ఇంట్లో అన్న మాట వీధిలోకి రావడానికి ఎంతసేపు. అక్కను మామిడికాయ తొక్కు కలపనిచ్చేవాళ్లు కాదు. ఒక ఏడాది జాడీలో బూజు పట్టింది. జాడీ మూత పక్కింటి పిల్ల తీసిందని తెలిసినా, అక్క ఆ రోజు జాడీ పక్కనుంచి నడిచిందన్నారు. పెళ్లికూతుళ్లకు పసుపు పెట్టడానికి పిలిచేవాళ్లు కాదు. అక్క ఎవరినీ ఏమీ అనేది కాదు. పండుగకు మా ఇంటికి వచ్చినప్పుడు మా పిల్లలకు అన్నం తినిపించమంటే, చెంచా అడిగేది.

తన చెయ్యి తగిలితే పిల్లలకు ఏమవుతుందోనని మా అక్క చెంచాతో అన్నం పెట్టేది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కళ్లు మండుతున్నాయి.

బావకు ఇదంతా తెలుసు. వాళ్లమ్మతో గొడవపడ్డాడు. "తడి చెయ్యి తగిల్తే ఎవ్వల తొక్కుకైనా బూజు పడ్తదే అవ్వా!" అని అరిచాడు. మాటలతో పని కాదని అర్థమైన తర్వాతే, నాకు తెలిసి, ఆ మొదటి చెయ్యి ఆనవాయితీ మొదలుపెట్టాడు. మిల్లుకు పోయే ప్రతి షాఫ్టునూ అక్క ముట్టింది. అవి ఏళ్ల తరబడి తిరిగాయి. "జూసినవా, మీ అక్క చెయ్యి పడ్డది, ఇంకా అరగలే" అని ఆమె వినేలా నాతో అనేవాడు. మెల్లమెల్లగా అక్క మా చిన్నకూతురికి చేత్తోనే ముద్దలు పెట్టడం మొదలుపెట్టింది. మొదటి ముద్ద పెట్టిన రోజు బావ భోజనాల దగ్గర తలెత్తకుండా తిన్నాడు.

అక్కకు పిల్లలు కలగాలని ఒకసారి మాహూర్ వెళ్లాం. రేణుకమ్మ గుడి మెట్లు ఎక్కుతుంటే అక్క ముందు నడుస్తోంది, ఒడిలో కొబ్బరికాయ. బావ వెనకబడ్డాడు. మెట్టు మెట్టుకూ వంగి వేలు రాస్తున్నాడు. నేను విసుక్కున్నాను.

"బావా, ఈడ గూడనా?"

"ఇటు జూడు రా. ఎక్కేటోళ్లు ఓరకు ఎక్కిండ్రు, గోడ పట్టుకోని. దిగేటోళ్లు నడుమకెళ్లి దిగిండ్రు. నడుమ తక్కువ అరిగింది. ఎక్కినంత మంది దిగలేదా ఏంది?" అని నవ్వాడు. నవ్వుతూనే ఆ మెట్టు మీద పెట్టిన చెయ్యి కళ్లకద్దుకున్నాడు. దేవుడంటే అంత పట్టింపు లేని మనిషి. నేను చూడనట్టు ముందుకు నడిచాను.

ఇక ఆ షాఫ్టు సంగతి.

మా దగ్గర ఒక సేఠ్ ఉండేవాడు. గోదావరి ఒడ్డున ఊళ్లకు నీళ్లు తోడే పంపులు అమ్మేవాడు. వాటికి జబ్బు ఒక్కటే, ఇసుక. ఏటి నీళ్లతో పాటు వచ్చే ఇసుక షాఫ్టును కొరికేస్తుంది. ఉత్త లోహపు పొర ఆ ఇసుకకు ఆగదు. ఆ రోజుల్లోనే బావ హైదరాబాద్ వెళ్లి, ఏదో ప్రయోగశాలలో పనిచేసే పాత స్నేహితుడి దగ్గర, గ్యాసు మంటకన్నా ఎన్నో రెట్లు వేడితో పొర వేసే ప్లాస్మా యంత్రం చూసొచ్చాడు. వచ్చినవాడు వారం రోజులు మామూలు మనిషి కాలేదు.

"నా దగ్గరుండేది పొయ్యి రా బామ్మర్ది. వాళ్ల దగ్గరుండేది పొద్దు, సూర్యుడు. పొద్దునే గొట్టంల పెట్టిండ్రు! దాని ముందల రాయి గూడ కరుగుతది. పింగాణి అసొంటి రాతి పొడి, దాంట్ల నికెలు పొడి కలిపి కొడుతున్నరు. ఇసుక గాదు గద, ఇసుక తాత వచ్చినా అరగదు."

"రాయే గట్టిది గద, లోహమెందుకు మల్ల?"

"రాయి ఒక్కటే అయితే దెబ్బ తగిల్తే పెటిల్లున పలుగుతది. లోహం ఒక్కటే అయితే అరుగుతది. మీ అక్కా నేనూ లెక్క." వంటింటివైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆమె రాయి. నేను పట్టుకోని ఉన్న గాబట్టి పలుగుత లేదు."

"నాకు ఇనపడ్తుంది" అంది అక్క లోపలినుంచి.

ప్లాస్మా యంత్రం కొనడం ఆయన తరం కాదు. తన గ్యాసు మంటతోనే అయినంతవరకు చేద్దామని, అలాంటి కలగలుపు పొడి తెప్పించి, నెలల తరబడి ముక్కల మీద కొట్టి చూశాడు. కొట్టిన ముక్కను ఏటి ఇసుకలో పెట్టి తిప్పేవాడు, తీసి వేలు రాసేవాడు, తల అడ్డంగా ఊపేవాడు. ఒకనాడు ఊపలేదు. సేఠ్ దగ్గరికి పోయి ఒక షాఫ్టు అడిగాడు. ఇది ఒక్క కాలం తిరిగితే పంపుల పనంతా నీకే ఇస్తాను, ఆ హైదరాబాద్ యంత్రం కొనే సంగతి కూడా చూద్దాం అన్నాడు సేఠ్. బావకు ఆ పొద్దు ఇంకా కళ్లముందే తిరుగుతోంది. షెడ్డులో ఆ యంత్రాన్ని ఎక్కడ పెట్టాలో సున్నంతో గీత కూడా గీసుకున్నాడు.

అంతలో దసరా వచ్చింది. మా వైపు దసరా ముందు రోజు ఖండే నవమి. పనిముట్లకు పూజ. ఆ రోజు ఎవరూ పని చేయరు. కానీ పండుగ మర్నాడే పంపు ఏట్లో దింపాలని సేఠ్ తొందర. బావ తెల్లవారగానే షాఫ్టుకు ఇసుక కొట్టి, అక్క ఇచ్చిన తెల్లగుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. "పూజ మీకు కావాల్సినట్టు చేస్కోండ్రి, దాన్ని మాత్రం ముట్టొద్దు" అన్నాడు. వాళ్లమ్మ షెడ్డుకు వచ్చి పెద్ద కోడలితో పూజ చేయించింది. ఆమెకు ముగ్గురు కొడుకులు. అక్కను పూర్ణం భక్షాలు చేయమని ఇంట్లోనే ఉంచారు. ఆక్సిజన్ సిలిండరు అయిపోయిందని అప్పుడు చూసుకున్నాడు బావ. దుకాణం మూసేలోపల తేవాలని పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. వాళ్లమ్మ వద్దంటున్నా వినకుండా నల్ల అద్దాలు పెట్టుకుని పొర వేశాడు. అందంగా వచ్చింది. సాన పట్టాక అక్క చేత ముట్టించాడు కూడా.

పంపు ఏట్లో దింపిన నెలలోపలే పెచ్చులు లేచాయి. పంపు పట్టేసింది. పైరు ఎండిందని రైతులు సేఠ్ దుకాణం ముందు కూర్చున్నారు. సేఠ్ షాఫ్టును రిక్షాలో వేయించి షెడ్డు ముందు దింపించి, "పత్థర్ జైసా రహేగా బోలే థే నా భాయ్?", రాయిలా ఉంటుందన్నావు కదా, అని మాత్రం అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేదని బావ తర్వాత అన్నాడు.

నేను ఆదివారం వెళ్లాను. షెడ్డులో ఒక్కడే పీట మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి తలుపు దగ్గరగా వేశాడు. షాఫ్టు మీది గోనెపట్టా తీశాడు.

"జూడు" అన్నాడు.

షాఫ్టు అంతా పొర చెక్కుచెదరలేదు. ఇసుక దాని మీద గీత కూడా పెట్టలేకపోయింది. ఒక్కచోట మాత్రం వరసగా మూడు పెచ్చులు లేచి ఉన్నాయి. నడుమ పెద్దది, అటూ ఇటూ చిన్నవి. పెచ్చు కింద ఇనుము గరుకులో మాడిపోయిన ఎరుపు, పసుపు.

నాకు వెంటనే తట్టలేదు. తర్వాత తట్టింది. నడుమ పెద్ద బొట్టు, పక్కన రెండు చిన్నవి. ప్రతి శుక్రవారం మా అక్క గడపకు అలాగే పెడుతుంది. మా అమ్మ అలాగే పెట్టేది. బావ రోజూ దాటే గడప.

"నేను సిలిండరుకు పోయినప్పుడు మీ అక్క ఈడికి అచ్చింది" అన్నాడు బావ. "పొద్దున పూజల నిలవడనియ్యలే గద. ఒక్కతే అచ్చి బొట్లు పెట్టుకున్నది. ఎవరన్న జూస్తరని తుడిచి, మల్ల గుడ్డ సుట్టింది. నాకు మంచిగ గావాలనే పెట్టింది రా."

"అక్కకు చెప్తవా?"

"నీకు పిచ్చా?"

"ఎవ్వల చెయ్యైనా గంతే అని చెప్పు బావా. నువ్వే అంటవ్ గద, ఇనుముకు అందరం ఒక్కటే అని."

ఆయన ఆ మూడు మచ్చలు చూశాడు. వేలు మాత్రం రాయలేదు.

"నువ్వు ఇంటవ్. మా అవ్వ ఇనదు. గల్లీ ఇనదు. వాళ్లు ఇనకపోతే పాయె. మీ అక్క గూడ ఇనదు రా. నేను ఎంత చెప్పినా, మెడ ఊపుకుంట తన చెయ్యినే జూసుకుంటది. ఎంత కష్టంతోని ఆ చెంచ ఇడిసిపెట్టిచ్చిన." గోనెపట్టా మళ్లీ కప్పాడు. "ఆమె చెయ్యంటే ఆమెకు భయం గావొద్దు. పోతే పోనీ, మిషిన్."

సేఠ్ దగ్గరికి వెళ్లి, ఇసుక కొట్టడంలో తన పొరపాటే జరిగిందని చెప్పాడు. పండుగనాడు పనిముట్టు ముట్టాడు కాబట్టే ఇలా అయిందని వాళ్లమ్మ అంది. దానికీ తలూపాడు. సేఠ్ పని వేరే ఊరికి పోయింది. సున్నపు గీత మీద పాత డబ్బాలు పేర్చుకున్నాడు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి నేను చూసిన బావ ఇదీ. అన్నం తింటూ ఉంటాడు. అక్క వడ్డిస్తూ అంటుంది, "ఆ ఒక్క షాఫ్టు సక్కగ జేసుంటే ఇయ్యాల మనకు గిట్లుండునా? పండుగ పూట ఒద్దంటే ఇన్నవా? నీ తొందరే నిన్ను ముంచింది." చుట్టాలున్నా అనేది. వాళ్లమ్మ పోయిన తర్వాత ఇల్లు అక్క చేతికి వచ్చింది, ధైర్యం వచ్చింది, నోరు కూడా వచ్చింది. బావ కంచంలో వేలు రాస్తూ, "అవు, తప్పు నాదే" అనేవాడు. నాకేసి చూసేవాడు. ఆ చూపులో బెదిరింపు ఉండేది, ఒకరకమైన సంతోషం కూడా ఉండేది. ఆమె తిడుతున్నంతకాలం ఆమెకు తెలియదన్నమాట.

అక్క నిర్భయంగా అన్నీ ముట్టుకుంది. తొక్కు కలిపింది. మా చిన్నదానికి పసుపు రాసి పెళ్లికూతుర్ని చేసింది. ఆ రోజు బావ పందిట్లో ఒక మూల కుర్చీ వేసుకుని, అక్క చేతులనే చూస్తూ కూర్చున్నాడు. అప్పటికే ఆయాసం మొదలైంది. ఇన్నేళ్లు ఇనుము మీద కొట్టిన ఇసుక దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది. ముక్కుకు ఉత్త రుమాలు కట్టుకునేవాడు. ఇనుముకు అంత మడి కట్టినవాడు తన గుండెలకు కట్టుకోలేదు. వానాకాలంలో, దవాఖానలో, మాట పడిపోయిన తర్వాత కూడా మంచం పట్టీ మీద బొటనవేలు రాస్తూనే ఉన్నాడు. అక్క ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అలాగే పోయాడు.

దినాలు అయిన తర్వాత ఒకనాడు షెడ్డులో సామాను చూసి వద్దామంది అక్క. వెళ్లాం. ఆమె ఒక్కొక్కటీ సర్దుతోంది. నేను కిటికీ దగ్గర డబ్బాలు దించుతున్నాను. ఆ షాఫ్టు గోనెపట్టా కింద మూలన ఉన్నట్టు నాకు గుర్తే లేదు. వెనక్కి తిరిగేసరికి అక్క పట్టా తీసేసి నిలబడి ఉంది.

పొర ఇంకా మెరుస్తోంది. ఆ మూడు మచ్చలు మాత్రం తుప్పు పట్టి గోధుమరంగులో ఉన్నాయి. అక్క వంగింది. ఉంగరపు వేలు నడుమ మచ్చలో పెట్టింది. తర్వాత పక్కవాటిలో. సరిగ్గా ఆనాడు తను బొట్లు పెట్టిన చోట్లే.



"తానం జేసి ముట్టిన తమ్మి" అంది. "ఉపాసం, ఒక్కపొద్దు ఉన్న. దేవుని కుంకుమనే గద. తుడిచిన గూడ."

"అక్కా, ఎవ్వల చెయ్యైనా గంతే. చేతి జిడ్డు. బావ చెప్పిండు నాకు."

"నీకు చెప్పిండా?" నావైపు తిరిగింది. "నీకు చెప్పి, నాకెందుకు చెప్పలే?"

నువ్వు భయపడతావని అన్నాను. నీ చెయ్యంటే నీకే భయం కావొద్దని అన్నాను. ఆ ఆదివారం ఆయన అన్న మాటలన్నీ, ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పాను. ఆమె విన్నది. మధ్యలో ఆపలేదు. అంతా అయిన తర్వాత మెల్లగా అడిగింది.

"ఎవ్వల చెయ్యైనా గంతే అని ఆయన నిజంగ అనుకుంటే, నాకే చెప్తుండె గద తమ్మి. దాపెట్టిండంటే... ఆయన గూడ నమ్మిండా?"

"లేదక్కా. ఒట్టు. ఒక్కనాడు నమ్మలే. ప్రతి షాఫ్టు నీ చేతికే ఇచ్చిండు గద ముందుగాల."

"పొర ఏసుడు అంత అయినంక ఇచ్చిండు" అంది అక్క. "నువ్వు చెప్తే ఏంది తమ్మి. ఆయన చెప్పాలె."

బావ మీద అంత కోపం నాకు ఎన్నడూ రాలేదు. చెప్పి ఉండాల్సింది బావా. ఆ రోజే ఆమెను పిలిచి, ఈ మచ్చలు చూపించి, నీ చేత్తో కూడా ఒక షాఫ్టు ముట్టి, దాని మీద పొర వేసి, అదీ పెచ్చు లేస్తే చూడవే అని చూపించి ఉండాల్సింది. నీ చెయ్యి కూడా అంతేనని ఆమెకు తెలిసి ఉండేది. ఆమె ఏడ్చేది, నువ్వు పక్కన ఉండేవాడివి. ఇప్పుడు పక్కన నేనున్నాను. నా మాట ఆమెకు అతకడం లేదు.

అక్క గోనెపట్టా మళ్లీ కప్పబోయింది. చెయ్యి చాపి, ఆగింది. కొంగు తీసి కుడిచేతికి చుట్టుకుంది. అప్పుడు పట్టా లాగి షాఫ్టు మీద కప్పింది.

బయటికి వచ్చాం. తాళంకప్ప అలవాటుగా ఆమెకే ఇచ్చాను. తీసుకోలేదు.

"నువ్వే ఎయ్యి తమ్మి" అంది, కొంగులో చెయ్యి అలాగే ఉంచుకుని.